మేకప్ బ్రష్‌ల సంరక్షణ: పల్నాటి నీళ్లు, పల్నాటి ఎండ

మేకప్ బ్రష్ మొహం మీద అరిగేది తక్కువ. కుచ్చు ఊడిపోవడం, మెడ వదులై గిరగిరా తిరగడం, వెంట్రుకలు అట్టలు కట్టడం, ముక్కిపోయిన వాసన రావడం లాంటి తిప్పలన్నీ చాలావరకు కడిగిన చోటా, ఆరబెట్టిన చోటా మొదలవుతాయి. అందుకే ముంబైలోనో హైదరాబాదులోనో చెప్పే జాగ్రత్తలు పల్నాడు జిల్లా వెల్దుర్తికి ఉన్నవి ఉన్నట్టు సరిపోవు. అక్కడి నీళ్లు వేరు, ఎండ వేరు, గాలిలో ఎగిరే దుమ్ము కూడా వేరే.

కర్నూలు జిల్లాలో ఒక వెల్దుర్తి ఉంది, మెదక్ జిల్లాలో ఇంకొకటి ఉంది. ఇక్కడ చెబుతున్నది మాచర్ల నియోజకవర్గంలోని మండల కేంద్రం గురించి. అంతకుముందు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. ఒక పక్క నల్లమల కొండలు, మిగతాదంతా మిరప, పత్తి, కంది పండే మెట్ట. ఇలాంటి చోట మేకప్ బ్రష్‌కు ఏం పని అనుకోనక్కర్లేదు. ఒకప్పుడు పెళ్లికూతురి అలంకారమంటే పసుపు, పౌడరు, కాటుక, కల్యాణ తిలకం, బుగ్గచుక్క. ఇప్పుడు ఫౌండేషన్, కన్సీలర్, ఐషాడో లేకుండా పెళ్లి వీడియో తీయడానికి కెమెరా వాళ్లే ఒప్పుకోరు. మాఘం నుంచి వైశాఖం దాకా, మళ్లీ శ్రావణంలో, ముహూర్తాలున్న రోజుల్లో పట్టణం బ్యూటీషియన్ల సంచులు ఊరూరూ తిరుగుతాయి. పెళ్లికూతురితో మొదలైన బ్రష్ తోడిపెళ్లికూతురి దగ్గరికీ, ఆడపడుచు దగ్గరికీ, పిన్ని దగ్గరికీ, ఆఖరికి ఫొటోకు నిలబడాల్సిన పెళ్లికొడుకు దగ్గరికీ వెళుతుంది. మధ్యలో దాన్ని కడిగే తీరిక ఎవరికీ ఉండదు.

బ్రష్ కట్టుబడి

బ్రష్‌కు మూడు భాగాలు: పైన వెంట్రుకల కుచ్చు, కింద చెక్క పిడి లేదా ప్లాస్టిక్ పిడి, రెంటినీ కలిపి పట్టి ఉంచే లోహపు మెడ. ఈ మెడ అల్యూమినియంతోనో ఇత్తడితోనో చేసిన గొట్టం. దాని లోపల కుచ్చు మొదళ్లను జిగురుతో అతికిస్తారు. బయటికి కనిపించని ఆ జిగురే బ్రష్‌కు ప్రాణం. వేడినీళ్లు తగిలితే అది మెత్తబడుతుంది. తడి మెడలోకి దిగితే చెక్క ఉబ్బి, మళ్లీ ఎండి, రంగు పెచ్చులూడుతుంది. గొట్టానికీ చెక్కకూ మధ్య సందు పడుతుంది. ఇక రాసుకునేటప్పుడల్లా బుగ్గ మీద రెండు వెంట్రుకలు మిగులుతాయి. బ్రష్‌ను గిన్నెలో నానబెట్టకూడదనడానికీ, తడిసిన బ్రష్‌ను గ్లాసులో కుచ్చు పైకి ఉండేలా నిలబెట్టకూడదనడానికీ కారణం ఇదే.

కుచ్చు రెండు రకాలు. మేక, ఉడుత, గుర్రం లాంటి జంతువుల వెంట్రుకలతో చేసేది ఒకటి, నైలాన్, పాలిస్టర్ పోగులతో చేసేది మరొకటి. జంతువు వెంట్రుక మీద మన జుట్టు మీద ఉన్నట్టే సన్నని పొలుసులుంటాయి. పొడి రంగు వాటిలో చిక్కుకుని, మొహం మీద పలచగా, సమంగా రాలుతుంది. కృత్రిమ పోగు నున్నగా ఉంటుంది కాబట్టి ద్రవాన్ని, క్రీమును పీల్చుకోకుండా జరుపుతుంది. పౌడరుకు మొదటిది, ఫౌండేషన్‌కు రెండోది అని పాతవాళ్లు చెప్పే లెక్క దీన్నుంచే వచ్చింది. ఇప్పుడు కృత్రిమ పోగులు కూడా కొసలు సన్నగా చెక్కి వస్తున్నాయి. ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. వెల్దుర్తిలో కొనేవాళ్లకు కృత్రిమ కుచ్చే మేలు. త్వరగా ఆరుతుంది, స్పిరిట్‌ను తట్టుకుంటుంది, కరుకు నీళ్లకు అంతగా బిరుసెక్కదు.

జంతువుల వెంట్రుకల బ్రష్‌లకు ప్రపంచంలో పేరున్న ఊరు జపాన్‌లో హిరోషిమా దగ్గరి కుమానో. వ్యవసాయం సాగని నెలల్లో కుంచెలు అమ్మడంతో మొదలైన ఆ ఊరు, ఇప్పుడు జపాన్‌లో తయారయ్యే కుంచెల్లో దాదాపు 80 శాతం తయారు చేస్తోంది. అక్కడి పనివాళ్లు కుచ్చు ఆకారం కోసం కొసలను కత్తిరించరు. చెక్క అచ్చులో వెంట్రుకలను పేర్చి, సహజమైన మొన చెడకుండానే గుండ్రం తెస్తారు. 2011లో ప్రపంచ కప్ గెలిచిన తమ మహిళా ఫుట్‌బాల్ జట్టుకు జపాన్ ప్రభుత్వం జాతీయ గౌరవంతో పాటు ఇచ్చిన కానుక కుమానో మేకప్ బ్రష్‌లే.

మన దేశంలో కుంచెల తయారీకి పేరున్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా షేర్‌కోట్. ఈ వ్యాపారానికి ఒక చీకటి కోణం కూడా ఉంది. చిత్రకారుల కుంచెల కోసం ముంగిసలను చంపి వెంట్రుకలు తీయడం దశాబ్దాలుగా సాగింది. పల్నాటి పొలం గట్ల మీద పాముల్ని పట్టే ఆ జంతువు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినది. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో దాడులు చేసి ముంగిస వెంట్రుకల కుంచెలను పట్టుకుంది. ఏ జంతువు వెంట్రుకో దుకాణదారు చెప్పలేని కుంచెను కొనకపోవడం మంచిది.

నీళ్ల సంగతి

పల్నాడు కూర్చున్నదే సున్నపురాయి మీద. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పిలిచే పొరలు ఈ ప్రాంతమంతా పరచుకుని ఉన్నాయి. ఇళ్లలో పరిచే మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం బట్టీలు, దాచేపల్లి, మాచర్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఆ రాతి పుణ్యమే. అదే రాయిలోంచి ఊరిన నీళ్లు బోరులోకి వస్తాయి. వస్తూ వస్తూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని వస్తాయి. ఆ నీళ్లను గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు బిందె అడుగున తెల్లటి చార కడుతుంది.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది. వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. ఆ హద్దు తాగడానికి పెట్టింది. బ్రష్ కడగడానికి కాదు. 600కు చాలా ముందే సబ్బు చేతులెత్తేస్తుంది.

ఎందుకంటే ఒంటిసబ్బు, బట్టలసబ్బు కొవ్వు ఆమ్లాల సోడియం లవణాలు. అవి కాల్షియంతో కలిసినప్పుడు నీళ్లలో కరగని తెల్లటి మడ్డి తయారవుతుంది. బాత్‌రూము బకెట్టు అంచుకు జిడ్డుగా అంటుకునేది అదే. బకెట్టునైతే పీచుతో రుద్దవచ్చు. బ్రష్ కుచ్చులో వేల వెంట్రుకల మధ్య చేరితే ఏం చేయగలం? కడిగిన కొద్దీ కుచ్చు బిరుసెక్కుతుంది. సరిగా కడగలేదేమో అనుకుని ఇంకాస్త సబ్బు రాస్తారు. మడ్డి ఇంకాస్త పేరుకుంటుంది. మొహానికి రాసుకుంటే గరుకుగా గీరుకుంటుంది. ‘బ్రష్ నాసిరకం’ అన్న నింద కంపెనీ మీద పడుతుంది. తప్పు సబ్బుది, సబ్బును కరగనివ్వని నీళ్లది.

వెల్దుర్తిలో ఇందుకు తేలికైన విరుగుడు షాంపూ. షాంపూలో ఉండే డిటర్జెంట్లు కాల్షియంతో కలిసి అలాంటి మడ్డిని కట్టవు. కాబట్టి కరుకు నీళ్లలోనూ నురగ వస్తుంది, మురికి వదులుతుంది. పిల్లల షాంపూ ఇంకా నయం. రంగు, వాసన, కండిషనర్ తక్కువ. కండిషనర్ కలిసిన షాంపూ జుట్టుకు మంచిదే గానీ బ్రష్‌కు వద్దు. అది వెంట్రుక మీద పలచని పూత మిగులుస్తుంది, ఆ పూత మీద పౌడరు నిలవదు.

కుంకుడుకాయ రసమూ పనికొస్తుంది. అందులో నురగ తెప్పించేవి సాపోనిన్లు. అవి కొవ్వు సబ్బులు కావు కాబట్టి కరుకు నీళ్లకు లొంగవు. పట్టుచీరలకు కుంకుడురసం వాడిన తరాలకు ఈ సంగతి రసాయన శాస్త్రం చదవకుండానే తెలుసు. అయితే రెండు జాగ్రత్తలు తప్పవు. రసాన్ని పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, లేకపోతే పిప్పి కుచ్చులో ఇరుక్కుంటుంది. కంటి బ్రష్‌లకు మాత్రం కుంకుడు జోలికి పోవద్దు. చిన్నప్పుడు తలంటు రోజున కళ్లలో పడిన కుంకుడురసం ఎవరూ మరిచిపోయి ఉండరు.

చివరి జాడింపు మాత్రం మంచినీళ్లతోనే చేయాలి. ఊళ్లో వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాను నీళ్లు ఒక గ్లాసు చాలు. బోరు నీళ్లతో మురికంతా వదిలించి, ఆఖరున ఆ గ్లాసు నీళ్లు కుచ్చు మీదుగా పోస్తే లవణాలు వెంట్రుకల మీద ఎండిపోవు. వానాకాలంలో డాబా మీద పట్టిన వాననీళ్లయితే ఇంకా శ్రేష్ఠం. మరగబెట్టిన నీళ్లతో పూర్తి లాభం లేదు. మరిగిస్తే పోయేది కాఠిన్యంలో ఒక భాగమే, సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్నది అలాగే ఉంటుంది. ఇప్పటికే అట్టకట్టిన కుచ్చుకు మగ్గు నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి, మెడ తడవకుండా కొసలను మాత్రం ఒక నిమిషం ముంచి జాడిస్తే సున్నపు మడ్డి కరుగుతుంది. తరచూ చేయాల్సిన పని కాదు. పులుపు లోహానికి పడదు.

కృష్ణ నీళ్లు ఇంతటి కరుకు కావు. నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ జిల్లాలోనే మొదలవుతుంది. కానీ వెల్దుర్తి లాంటి మెట్ట మండలానికి ఆ నీళ్లు ఎక్కవు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. సాగునీటితో పాటు వెల్దుర్తి మండలానికి తాగునీరు ఇవ్వడం కూడా దాని లక్ష్యం. పెద్ద సమస్య తాగునీటిదే, ఆ మాటలో సందేహం లేదు. బ్రష్ కడుక్కునే నీళ్ల సంగతి దాని నీడలో ఒక చిన్న ముచ్చట.

కడిగే తీరు

ముందు పొడిగా ఉన్నప్పుడే పాత నూలుగుడ్డ మీద అటూ ఇటూ తుడిచి పౌడరంతా వదిలించాలి. తర్వాత కొళాయి కింద కుచ్చు నేలచూపులు చూసేలా పట్టి, కొసలను మాత్రం తడపాలి. అరచేతిలో చుక్క షాంపూ వేసుకుని, బ్రష్‌ను గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. వేళ్ల మధ్య కుచ్చు కొసల నుంచి మెడ దిశగా కాక, మెడ నుంచి కొసల వైపు నొక్కుతూ రావాలి. జాడించిన నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు ఇదే పని. చివరగా తువాలులో మెల్లగా అదిమి, వేళ్లతో ఆకారం సర్దాలి. పిండకూడదు, మెలిపెట్టకూడదు.

ఫౌండేషన్, లిప్‌స్టిక్, గ్రీజ్ పెయింట్ అంటిన బ్రష్‌కు ఇది చాలదు. అవి నూనె, మైనం కలిసిన సరుకులు. ముందు రెండు చుక్కల కొబ్బరినూనె పళ్లెంలో వేసి, అందులో కొసలు అద్ది, గుడ్డ మీద తుడిస్తే రంగు కరిగి వచ్చేస్తుంది. నాటకాల వాళ్లు వేషం తీయడానికి కొబ్బరినూనె వాడటంలో ఉన్న కిటుకూ ఇదే. ఆ తర్వాత నూనె జిడ్డు పోయేలా షాంపూ.

ఎన్నాళ్లకోసారి? అమెరికన్ చర్మవైద్యుల అకాడమీ 7 నుంచి 10 రోజులకోసారి కడగమంటుంది. అది ఇంట్లో ఒక్క మనిషి వాడే బ్రష్‌ల లెక్క. తడి సరుకు అద్దుకునే బ్రష్‌ను వాడిన రోజే కడగడం మంచిది, ఎందుకంటే సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన తడి అందులోనే ఉంటుంది. పార్లర్ల లెక్క వేరు: ఒక మొహానికి ఒక బ్రష్.

ఇక స్పాంజి. 2003 ప్రాంతంలో రే ఆన్ సిల్వా అనే హాలీవుడ్ మేకప్ కళాకారిణి తెచ్చిన కోడిగుడ్డు ఆకారపు స్పాంజి ఇప్పుడు మాచర్ల ఫ్యాన్సీ దుకాణాల్లోనూ గులాబీ రంగులో వేలాడుతోంది. తడిపి వాడే వస్తువు కావడంతో దాని లోపలి దాకా రంగూ తేమా చేరతాయి. కడిగినా లోపల ఏమున్నదీ కనిపించదు. నల్లచుక్కలు కనిపిస్తే అవి బూజు మచ్చలు, దాన్ని పారేయడమే. ఒకరి స్పాంజి ఇంకొకరికి వాడటం బ్రష్ కంటే ప్రమాదం.

ఎండ, నీడ, మిరప కళ్లం

రాష్ట్రంలో ఎండలు ముదిరినప్పుడల్లా వార్తల్లోకి వచ్చే రెంటచింతల ఈ నియోజకవర్గంలోదే. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు బ్రష్ ఆరబెడితే క్షణాల్లో ఆరుతుందన్నది నిజమే. దాంతో పాటే జిగురు మెత్తబడుతుంది, చెక్క పిడి పగులుతుంది, జంతువు వెంట్రుక పెళుసెక్కుతుంది. నీడన, గాలి ఆడే చోట, బల్ల అంచున కుచ్చు గాలిలో ఉండేలా పడుకోబెట్టి ఆరనివ్వాలి. దారం కట్టి తలకిందులుగా వేలాడదీస్తే ఇంకా మంచిది. వేసవిలో చిన్న బ్రష్ ఒక పూటలో ఆరిపోతుంది. లావు పౌడరు బ్రష్ పైకి ఆరినట్టు కనిపించినా మెడ దగ్గర తడి ఉంటుంది. రాత్రంతా వదిలేయాలి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద పెట్టాలి. తడి బ్రష్‌ను జిప్పు సంచీలో వేసి మూస్తే రెండో రోజుకే ముక్కిన వాసన.

పల్నాటికే ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా డాబాల మీదా కళ్లాల్లోనూ మిరపకాయలు ఆరుతుంటాయి. వాటిని తిరగేసినప్పుడూ, బస్తాలకు ఎత్తినప్పుడూ లేచే ఘాటు దుమ్ము కంటికి కనిపించదు, దగ్గు వచ్చాక తెలుస్తుంది. అదే డాబా మీద ఆరేసిన ఐషాడో బ్రష్‌ను మర్నాడు పెళ్లికూతురి కనురెప్ప మీద పెడితే ఏమవుతుందో వివరించనక్కర్లేదు. మిరపలోని కాప్సాయిసిన్ నీళ్లలో సరిగా కరగదు, ఉత్త జాడింపుకు పోదు. కాబట్టి మిరప సీజనులో బ్రష్‌లు ఇంట్లోనే ఆరాలి, మూత ఉన్న డబ్బాలో ఉండాలి.

రంగస్థలం నేర్పిన పాఠాలు

ఈ ప్రాంతంలో మేకప్ పెళ్లిళ్లతో మొదలు కాలేదు. మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల ముందు తెల్లవార్లూ ఆటపాటలు, నాటకాలు సాగుతాయి. అంతకు ముందు కాలంలో వీధి భాగవతాల వాళ్లు మొహానికి పసుపు వన్నె కోసం అరదళం, ఎరుపుకు ఇంగిలీకం, తెలుపుకు సఫేదా పూసుకునేవారు. అరదళం ఆర్సెనిక్ సమ్మేళనం, ఇంగిలీకం పాదరస సమ్మేళనం. ఆ రోజుల్లో వేలికొనలే కుంచెలు. ఆటయ్యాక ఆ చేతులు ఎంత బాగా కడుక్కున్నారన్నదే వాళ్ల ఆరోగ్యం.

పల్నాటి వీరుల వేషాలకు మీసం లేకుండా కుదరదు. అతికించే మీసాలకు, గడ్డాలకు వాడే స్పిరిట్ గమ్ ఆల్కహాల్‌లో కరిగించిన చెట్టు బంక లాంటి రెసిన్. దాన్ని పూసే బ్రష్‌ను నీళ్లలో ముంచితే రెసిన్ గడ్డకట్టి, కుచ్చు పుల్లలా బిగుసుకుపోతుంది. పూసిన వెంటనే, ఆరకముందే, స్పిరిట్‌లో జాడించాలి. అనుభవం ఉన్న మేకప్‌మన్ ఆ బ్రష్‌ను మిగతా వాటితో కలపడు.

అదే వీరుల కథతో 1947లో విడుదలైన ‘పల్నాటి యుద్ధం’ సినిమాలో బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మ కన్నాంబ. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం మధ్యలో మరణించడంతో ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశాడు. ఇదే గోవిందరాజుల సుబ్బారావు 1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’లో మాయల ఫకీరు. మద్రాసు జెమినీ స్టూడియోలో మేకప్ ఎలా సాగేదో సికింద్రాబాదులో పుట్టిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకాల్లో రాశాడు. మేకప్ విభాగంలో అంతస్తులుండేవి. హీరో హీరోయిన్ల మొహాలు పెద్ద మేకప్‌మన్‌వి, ఆ కింది వేషాలు అతని సహాయకులవి. జనం గుంపు సీను ఉన్న రోజున ఆఫీసు కుర్రాడు పెద్ద పాత్రలో రంగు కలిపి వరసగా అందరికీ పూసేవాడు. హీరోలకు సొంత సరంజామా, గుంపుకు ఒకే పాత్ర. ఆ తేడా ఇవాళ పెళ్లి ఇంట్లోనూ మిగిలే ఉంది. పెళ్లికూతురికి కొత్త కిట్టు తెరుస్తారు, ‘సైడర్ మేకప్’ అని పిలిచే చుట్టాల మేకప్‌కు మిగిలిన బ్రష్‌లు.

ఎన్టీఆర్ ‘మాయాబజార్’ (1957) కృష్ణుడి వెనక ఉన్న చెయ్యి పీతాంబరానిది. ఎం.జి.ఆర్.కూ ఆయనే మేకప్‌మన్. దర్శకుడు పి. వాసు ఆయన కొడుకు. ఆ కాలపు సినీ మేకప్‌లో వినిపించే పేర్లు మగవాళ్లవే కావడం యాదృచ్ఛికం కాదు. సినీ మేకప్ సంఘాలు ఆడవాళ్లను హెయిర్ డ్రెస్సర్లుగా తప్ప మేకప్ కళాకారులుగా చేర్చుకునేవి కావు. చారు ఖురానా వేసిన కేసులో 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పింది. పల్లెటూరి పార్లర్లలో బ్రష్ ఎప్పటి నుంచో ఆడవాళ్ల చేతిలోనే ఉన్నా, స్టూడియోలో అది పట్టుకోవడానికి అంతకాలం పట్టింది.

ఒకరి నుంచి ఒకరికి

మొహం మీది నూనె, చచ్చిన చర్మం, చెమట, లాలాజలం బ్రష్‌కు అంటుతాయి. వాటితో పాటు స్టెఫైలోకోకస్ లాంటి బాక్టీరియా వస్తుంది. సొంత బ్రష్ అయితే ఎక్కువలో ఎక్కువ మొటిమలు, కురుపులు. పంచుకునే బ్రష్ అయితే కళ్లకలక, పెదవుల మీద వచ్చే హెర్పీస్ పొక్కులు, గజ్జి తామరల దాకా అవకాశం ఉంటుంది. బ్రిటన్‌లో ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాడకంలో ఉన్న 467 మేకప్ వస్తువులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 79 నుంచి 90 శాతం వస్తువుల్లో బాక్టీరియా కనిపించింది. స్పాంజిల పరిస్థితి అన్నిటికన్నా ఘోరం. 93 శాతం స్పాంజిలను వాడినవాళ్లు ఒక్కసారీ కడగలేదు, 64 శాతం కింద పడ్డా తీసి మళ్లీ వాడారు.

కంటి విషయంలో మన దేశానికి పాత అనుభవం ఉంది. ఒకే కాటుక పుల్ల, ఒకే తువాలు ఇంట్లో అందరూ వాడటం ట్రకోమా వ్యాపించిన దారుల్లో ఒకటి. ఆ కంటిజబ్బు మీద జాతీయ కార్యక్రమం 1963లో మొదలైంది. భారత్‌లో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది 2024 అక్టోబరులో. కాటుక పుల్ల పోయి ఐలైనర్ బ్రష్, మస్కారా బ్రష్ వచ్చాయి. సూక్ష్మజీవులకు మాత్రం అదే దారి.

కడగడం వేరు, క్రిములు చంపడం వేరు. మొదటిది లేకుండా రెండోది పనిచేయదు. మురికి పొర కింద దాక్కున్న క్రిమికి మందు తగలదు. ఇద్దరి మధ్య కడిగి ఆరబెట్టే వ్యవధి లేనప్పుడు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కుచ్చు మీద చల్లి, శుభ్రమైన గుడ్డ మీద రంగు పోయేదాకా తుడిచి, మళ్లీ చల్లి పూర్తిగా ఆరనివ్వాలి. నూరు శాతం ఉన్నది ఇంకా బాగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. మిగతా 30 శాతం నీళ్లే ఆ మందును క్రిమి లోపలికి తీసుకెళతాయి, త్వరగా ఆవిరి కాకుండా ఆపుతాయి. చేతులకు రాసుకునే జెల్ శానిటైజర్ ఇందుకు పనికిరాదు, జిగట మిగులుస్తుంది. ఆల్కహాల్ భగ్గున అంటుకుంటుందన్నది మరవొద్దు. దీపం వెలుగుతున్న పెళ్లికూతురి గదిలో సీసా తెరవకూడదు.

నీలి లైటు పెట్టెలు పెట్టుకున్న పార్లర్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నాయి. అతినీల లోహిత కాంతి నేరుగా తగిలిన చోటే పనిచేస్తుంది. దట్టమైన కుచ్చు నడుమకు అది చేరదు. మురికి బ్రష్‌ను అందులో పెట్టి తీసి ‘స్టెరిలైజ్ చేశాం’ అనడం కస్టమరును నమ్మించడానికి తప్ప ఎందుకూ కాదు.

ఎప్పుడు పారేయాలి

బ్రష్ మీద గడువు తేదీ ఉండదు. కడిగి ఆరాక కూడా వాసన వస్తున్నా, వెంట్రుకలు ఆగకుండా ఊడుతున్నా, కుచ్చు లోపల బూజు చుక్క కనిపించినా దాని పని అయిపోయినట్టే. మెడ ఒక్కటే వదులైతే పిడికి కాస్త జిగురు రాసి మళ్లీ బిగించుకోవచ్చు. మంచి బ్రష్ అయితే ఆ శ్రమ పెట్టాల్సిందే. మస్కారా బ్రష్ మాత్రం కడిగి దాచుకునే వస్తువు కాదు. మనిషికొకటి చొప్పున వాడేందుకు విడిగా దొరికే చవక ప్లాస్టిక్ పుల్లలు ఉన్నాయి. ఒకసారి వాడి పారేయాలి.

వెల్దుర్తి, దుర్గి, కారెంపూడి లాంటి ఊళ్లలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. చీరలకు, నగలకు పెట్టే ఖర్చులో పిసరంత తీసి పెళ్లికూతురి పేరిట ఒక ఐలైనర్ బ్రష్, ఒక పెదవి బ్రష్, ఒక స్పాంజి, ఒక కాటుక విడిగా కొనండి. బ్యూటీషియన్ రాగానే అవి చేతికివ్వండి. చుట్టాల వంతు వచ్చినప్పుడు బ్రష్‌లు తుడిచారా లేదా అని మొహమాటపడకుండా అడగండి. బయానా ఇచ్చే రోజునే ‘మనిషికో బ్రష్’ అని మాట తీసుకోండి.